చెంప మీది ముక్కుపుడక

మా మరదలికి పాత వస్తువులంటే పడదు. అట్లాగని పారేసే ధైర్యమూ లేదు, అందుకని నాకు అంటగడుతుంది. పోయిన నెల మొయినాబాద్ వెళ్ళినప్పుడు, దుకాణం వెనక గది పడగొట్టి కొత్త గోదాము కట్టిస్తున్నామంటూ, ఒక టేకు సందుక తెచ్చి వాకిట్లో నా కాళ్ళ ముందు పెట్టించింది. "వదినా, ఇది మీ అవ్వదట గద. తీస్కపోతే తీస్కపో, లేకుంటె పొయిల పెడ్త" అన్నది. మూత తెరిస్తే ముందు బొద్దింకల వాసన, దాని కింద డాంబరు గోళీల వాసన, ఇంకా కింద, ఎక్కడో అడుగున, వామూ కర్పూరమూ కలిసిన వాసన. ఆ మూడోది తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. మూతకు లోపలివైపు ఎప్పుడో అతికించిన పాత ఉర్దూ పత్రిక చెమ్మకు ఉబ్బి అంచులు లేచి ఉన్నది. మరదలు దాన్ని పట్టి ఒక్క గుంజు గుంజింది. కింద టేకు చెక్కకు కరుచుకుని, రెండు వేళ్ళ వెడల్పున, రంగుల కాగితం ఒకటి కనిపించింది. "ఏందో మందు సీస చీటి" అంటూ ఆమె గోరుతో గీకబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను. "గింత కాయితానికి గంత కోపమా వదినా!" అన్నది మణికట్టు రుద్దుకుంటూ. కోపం కాదని ఆమెకు చెప్పలేదు. భయం నలభై ఏళ్ళు పాతబడితే పైకి కోపంలాగే కనిపిస్తుంది. నా నోటికి జడిసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా నోటికి నేనే జడిసిన రోజు ఒకటి ఉన్నదని వాళ్ళకు తెలియదు. ఆ కాగితం మీది బొమ్మను దగ్గరగా చూసే ధైర్యం కూడా నాకు వెంటనే రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే శంఖలక్ష్మి చుక్కల సంగతి చెప్పాలి.

మా దుకాణం పట్నం నుంచి బీజాపూర్ పోయే సడకు పక్కనే ఉండేది. ఉప్పు, బెల్లం, గ్యాసునూనె, పోకచెక్కలు, తాళ్ళు, అన్నీ గోనెసంచుల్లోనో డబ్బాల్లోనో ఉండి, కొన్నవాళ్ళ కొంగుల్లోకీ చెంబుల్లోకీ పోయేవి. వాటికి పేర్లు లేవు, బెల్లమంటే బెల్లమే. పేరున్న సరుకు ఒక్కటే. దానికోసం బాపు, అంటే మా నాన్న, గోడకు ప్రత్యేకంగా ఒక అద్దాల అల్మరా చేయించాడు. పొద్దున్నే వాకిలి ఊడ్చి చల్లి, త్రాసుకు పసుపు రాసి, సాంబ్రాణి పొగ ముందు గల్లాపెట్టెకూ తర్వాత ఆ అల్మరాకూ చూపించేవాడు. అందులో వరుసగా బొటనవేలంత సీసాలు. అజీర్తికీ కడుపునొప్పికీ వాంతులకూ వాడే చుక్కల మందు. సీసా మీద తామరపువ్వులో కూర్చుని, చేతిలో శంఖం పట్టుకున్న లక్ష్మి బొమ్మ. చుట్టుపక్కల ఊళ్ళలో మందు పేరు ఎవరికీ పట్టలేదు. "లచ్చమ్మ చుక్కలు" అనేవాళ్ళు. మొత్తం సీసా కొనగలిగిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మిగతావాళ్ళు చిన్న ఇత్తడి గిన్నె తెచ్చుకుంటే బాపు సీసా వంచి చుక్కలు వేసేవాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ వేసేవాడు. కొన్నవాళ్ళ చేత కూడా ఆ లెక్క చెప్పించి గానీ గిన్నె చేతికిచ్చేవాడు కాదు. "మందు ఎవరైన అమ్ముతరు బిడ్డా. లెక్క యాది పెట్టిచ్చెటోడే మందు అమ్మినట్టు" అనేవాడు.

ఆ సీసాలు అమ్మే హక్కు మొయినాబాద్‌లో మా ఒక్కరికే ఉండేది. సికింద్రాబాద్ నుంచి కంపెనీ మనిషి ఆరునెలలకోసారి వచ్చేవాడు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు, మాటకు ముందు ఒక 'అండీ', తర్వాత ఒక 'అండీ'. ఆయన వచ్చినప్పుడల్లా బాపుకు నియమాలు చదివి వినిపించేవాడు. పక్కన వేరే మందు పెట్టకూడదు. నీళ్ళు కలపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఖాళీ సీసాలను పాతసామాన్లవాడికి వేసేముందు వాటి మీది లేబుల్ చింపి ముక్కలు చేయాలి, లేకపోతే ఎవడో రంగునీళ్ళు నింపి మళ్ళీ అమ్ముతాడు. బాపు చేతులు కట్టుకుని వినేవాడు. ఆ మనిషి వెళ్ళాక అల్మరా ముందు నిలబడి, సర్కారు తనకేదో కోట అప్పగించినట్టు, ఆ సీసాలను చూసుకునేవాడు. కోటకు కావలిగాడు దొరికాడు. కావలిగాడికి జీతమెవరిస్తారని నేను ఇప్పుడైతే అడిగేదాన్ని. అప్పుడు నాకు పదేళ్ళు. అయినా మిగతావన్నీ అడిగేదాన్ని. "నకలుది అసలుది ఎట్ల తెలుస్తది బాపు?" అని అడిగితే ఒకరోజు సీసా వెలుతురులో పట్టి చూపించాడు. లక్ష్మి ముక్కుపుడక ఎర్రచుక్క. అచ్చువేసేటప్పుడు ఎర్రరంగు జర పక్కకు జారి, ఆ చుక్క ముక్కు మీద పడకుండా చెంప మీద పడింది. ప్రతి సీసా మీదా అంతే. "అసలు లక్ష్మికి ముక్కుపుడక చెంప మీద ఉంటది. ఇది కంపెనీకి తెల్వదు, నాకు తెలుసు, ఇగ నీకు తెలుసు" అన్నాడు. ఆ రహస్యం చెప్పినందుకు నేను వారంరోజులు ఎవరితోనూ జగడం పెట్టుకోలేదు.

లేబుళ్ళు చింపమన్నది కంపెనీ. కాని చింపాల్సింది లక్ష్మిని. మా ఇంట్లో అది కుదిరే పని కాదు. బాపు తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్ళం. ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే ఉండేవి. మొదటి సీసా ఖాళీ అయిన రోజు బాపు లేబుల్ మీద గోరు పెట్టాడో లేదో, "చెయ్యి పడిపోతది. లక్ష్మమ్మను చీరుతవురా?" అని అరిచింది. మురికినీళ్ళు పోయే మోరీలో వేయకూడదు, మైలపడుతుంది. నిప్పులో వేయకూడదు, ఇల్లు మాడుతుంది. నీళ్ళలో కలపాలి. అందుకని ఒక పద్ధతి పుట్టింది. వెడల్పాటి గిన్నెలో వేడినీళ్ళు పోసి ఖాళీ సీసాలు నానేస్తే లేబుళ్ళు చిరగకుండా ఊడివచ్చేవి. నానేయడం నా వంతు. వంటింట్లో వేడినీళ్ళ ఆవిరితో వామూ కర్పూరమూ లేచి, ఆ పూట పప్పుకు కూడా మందు వాసన పట్టేది. తడి లేబుళ్ళను అవ్వ తన సందుక మూతకు లోపలివైపు అతికించి ఆరబెట్టేది. ఆరాక ఒక్కొక్కటి ఊడదీసి, లక్ష్మి నుదుటికి పసుపూ కుంకుమా పెట్టి, పసుపుదారంతో కట్టలు కట్టేది. ఆ కట్టలను నెలకోసారి చెరువులో కలిపేస్తున్నదని బాపు అనుకునేవాడు. అవ్వ కలపలేదు. "బర్రెలు పండే నీళ్ళల్ల లక్ష్మమ్మను ముంచుతనా? కృష్ణ పుష్కరాలకు పోయినప్పుడు కలుపుత. మీ బాపుకు చెప్పకు, గులుగుతడు" అని నాతో అన్నది. పుష్కరాలు ఎప్పుడో. ఈలోగా సందుక నిండుతూ పోయింది.

తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధం ఎక్కడో జరిగింది. మా దాకా వచ్చింది సరుకుల కరువు. గ్యాసునూనె కరువు, గుడ్డ కరువు, చుక్కల మందు కరువు. కంపెనీ పెట్టెలు ఆగిపోయాయి. అల్మరాలో సీసాలు నాలుగై, రెండై, అద్దాల వెనక గోడ కనిపించసాగింది. అప్పుడే చేవెళ్ల అంగట్లో ఎవడో గోనె పరుచుకుని శంఖలక్ష్మి సీసాలు సగం ధరకు అమ్ముతున్నాడని తెలిసింది. బాపు వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చి నాకు చూపించాడు. రంగు అదే, శంఖం అదే. ముక్కుపుడక మాత్రం సరిగ్గా ముక్కు మీద ఉన్నది. నిజం చెప్పాలంటే ఆ లక్ష్మే అందంగా ఉన్నది. నకలు చేసినవాడు తప్పు దిద్ది మరీ చేశాడు. బాపు ఆ సీసాను గుడ్డలో చుట్టి, తపాలాయన చేత ఉర్దూలో ఉత్తరం రాయించి, కంపెనీకి పంపాడు. జవాబు రాలేదు. ఇంకో పది రోజులకు తనే పట్నం వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. "పాత స్టాకు దొరికింది" అన్నాడు అమ్మతో. నేను పెట్టె చుట్టూ తిరిగి చూశాను. ఎప్పుడూ వచ్చే పెట్టెల మీద కంపెనీ ముద్ర కాల్చి ఉండేది. దీని మీద లేదు. అడగబోయాను. బాపు మొహం చూసి, జీవితంలో మొదటిసారి, అడగకుండా ఊరుకున్నాను. ఆ పెట్టెలోంచి మూడు సీసాలు ఖాళీ కాగానే నేనే నానేశాను. తడి లేబుళ్ళు అవ్వ చేతికిచ్చేటప్పుడు బొమ్మ వైపు చూడలేదు. చూడకపోవడం నాకు చేతకాని పని; అయినా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే సురంగల్ నుంచి పటేల్ ఇంటి జీతగాడు మల్లయ్య వచ్చాడు. ఎప్పుడూ అరుగెక్కి కూర్చునేవాడు, ఆ రోజు కిందే నిలబడ్డాడు. "సావుకారీ, పటేల్ అడుగమన్నడు. నీ చుక్కల మందు తాపినంక మా చిన్న పటేల్ కొడుకు ఒక్కటే కక్కుడు. రాతిరి నుంచి కండ్లు తేలేస్తున్నడు" అన్నాడు.

బాపు త్రాసు కింద పెట్టాడు. "మందు కొన్నది ఎవరు మల్లన్నా?"

"నేనే గద."

"నేను ఎన్ని చుక్కలు లెక్కవెట్టి ఇచ్చిన?"

మల్లయ్య నేల చూశాడు. "యాదికి లేదు సావుకారీ."

"నా దగ్గర కొన్నోడు లెక్క మరువడు. చేవెళ్ల అంగట్ల కొంటివా?"

"యాదికి లేదంటున్న గద! పిలగాడు పోయెటట్టున్నడు, నీకు చుక్కల లెక్క కావాల్నా?" అని అరిచి మల్లయ్య వెళ్ళిపోయాడు. అరిచాడంటే అబద్ధమేనని నేను అప్పుడే తేల్చాను. సగం ధరకు అంగట్లో కొని, మిగిలింది మొలలో దోపుకున్నాడని నా తీర్పు. కాని నా తీర్పుతో ఎవరికి పని? మధ్యాహ్నానికల్లా సడకు మీద పోయేవాళ్ళు దుకాణం ముందుకు రాగానే అడుగు వేగం పెంచడం మొదలైంది. ఒక్క గిన్నె రాలేదు. అమ్మ ఒళ్ళో తమ్ముణ్ణి పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుని, అన్నం అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవలేదు. వాకిట్లో సైకిల్ గంట మోగినా, బండి ఎద్దుల మువ్వలు మోగినా నలుగురమూ ఒక్కసారే తల ఎత్తేవాళ్ళం. పిల్లవాడు బతికాడో లేదో తెలియదు. ఆ ముద్ర లేని పెట్టె గల్లాపెట్టె పక్కనే ఉన్నది. నా కళ్ళు అటే పోతుంటే, బాపు కూడా అటే చూస్తున్నాడని కనిపెట్టాను. భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పోలీసులు వస్తారని కాదు. వాళ్ళు వచ్చి చెప్పేది నిజమేమోనని.

సాయంకాలానికి వచ్చారు. చేవెళ్ల పోలీసు ఠాణా అధికారి అమీన్ సాబ్, ఇద్దరు జవాన్లు, వాళ్ళ వెనక టోపీతో కంపెనీ మనిషి. ఉత్తరానికి రాని మనిషి ఫిర్యాదుకు ఎంత తొందరగా వచ్చాడో! బాపు ఉత్తరం మాట ఎత్తితే, "అట్లాంటి ఉత్తరమేదీ మాకు అందలేదండీ" అన్నాడు. అల్మరాలో ఉన్నవీ పెట్టెలో ఉన్నవీ సీసాలన్నీ పరీక్షకని మూట కట్టి సికింద్రాబాద్ పోయే మోటారులో వేయించాడు. అమీన్ సాబ్ పెద్ద మీసాల మనిషి, గొంతు మాత్రం మెత్తన. కుర్చీలో కూర్చుని నిదానంగా అడిగాడు.

"సేట్, ఇంట్ల ఖాళీ లేబుళ్ళు ఏమన్న ఉన్నయా? సచ్ బోలో."

"లేవు సాబ్. సీసల నుంచి తీసినవన్ని మా అమ్మ ఎప్పటికప్పుడు చెరువుల కలిపేస్తది."

తలుపు చాటున నేను. తప్పు మాట చెవిన పడితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. తర్వాత కాలేజీ వాదపోటీల్లో దానికి బహుమతులిచ్చారు గాని, జబ్బు మాత్రం అదే. "లేదు బాపు. చెరువుల కలుపలే. అవ్వ సందుకల ఉన్నయి. నిండ ఉన్నయి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. అవ్వ మొహం నేను చూడలేదు. ఆమె నడుము దగ్గర తాళాల గుత్తి సన్నగా చప్పుడు చేయడం విన్నాను. అమీన్ సాబ్ మీసం కొస నోట్లో పెట్టుకుని బాపును చూశాడు. "బాప్ లేదంటడు, బిడ్డ ఉన్నదంటది. ఇద్దరిల ఎవరిది ఝూట్, సేట్?"

చిన్నపిల్ల, దానికేం తెలుసని బాపు ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నన్ను చూశాడు, అంతలోనే చూపు తిప్పుకున్నాడు. "నా బిడ్డ అబద్ధం ఆడది సాబ్. నాకు తెల్వకపోవచ్చు. అది ఉన్నదంటె ఉన్నట్టే."

వెనక గది చీకటి. మూత గోడకు ఆనించి సందుక తెరిస్తే లోపల కట్టల మీద కట్టలు, ఏళ్ళ తరబడి లక్ష్ములు. కంపెనీ మనిషి ఒక కట్ట చేతిలోకి తీసుకుని, "ఎంత శ్రద్ధగా దాచారండీ! ఇవన్నీ ఎన్ని సీసాలకు అతికిద్దామని?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే. జవాన్లు కట్టలన్నీ ఒక దుప్పట్లో మూటగట్టారు. సందుక అక్కడే వదిలేశారు. బాపును మాత్రం వెంట తీసుకుపోయారు. అరుగు దిగుతూ ఆయన అల్మరా వైపు చూశాడు. అద్దాలలో ఏమీ లేదు.

మర్నాడు కోడికూతకే అవ్వ బండి కట్టించింది. నన్ను రెక్క పట్టి ఎక్కించింది. "నోరు తెరిచినదానివి నువ్వే గద, నడువు. ఈసారి నేను తెరువమన్నప్పుడే తెరువాలె" అన్నది. చేవెళ్ల దాకా ఇంకో మాట లేదు. కొంగు నెత్తిన కప్పుకుని, ఎద్దుల కొమ్ముల మధ్య నుంచి సడకు చూస్తూ కూర్చున్నది. ఎంకపల్లి తోవ దగ్గర ఎవరో ఎదురై, సురంగల్ పిల్లవాడు రాత్రి రెండు గుటకలు గంజి తాగాడని చెప్పారు. అవ్వ దండం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పిల్లవాడు బతికితే బాపును ఉరి తీయరు, అంతవరకే నాకు అర్థమైంది. జైల్లో పెడతారా అన్నది ఇంకా తేలలేదు. దానికంటే లోపల ఇంకొకటి తేలలేదు. పెట్టె మీద ముద్ర ఎందుకు లేదు? అవ్వను అడగాలని నోటి దాకా వచ్చింది. ఆమె తెరవమనలేదు కాబట్టి తెరవలేదు.

ఠాణాలో బాపు గోడ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క రాత్రికే మెడ సన్నబడినట్టు కనిపించాడు. బల్ల మీద దుప్పటి మూట విప్పి ఉన్నది. అవ్వ అమీన్ సాబ్‌కు ఎదురుగా నిలబడి, కొంగు సర్దుకుని, నేరుగా మొదలుపెట్టింది. "సాబ్, నకలు మాలు చేసెటోడు దానికి బొట్టు పెడ్తడా? పసుపు పూసిన చీటి మల్ల సీసకు అతికిస్తె కండ్లున్నోడు ఎవడన్న కొంటడా? నేను పుష్కరాలల్ల కలుపుదామని దాచిన. నా కొడుక్కు తెల్వది."

అమీన్ సాబ్ పెదవుల మీద నవ్వు మెదిలింది. కంపెనీ మనిషికి నచ్చలేదు. "తుడిస్తే పోతుంది కదండీ పసుపు" అంటూ ఒక లేబుల్ తీసి తడిరుమాలుతో తుడిచాడు. పసుపు పోలేదు. కుంకుమ కరిగి మొహమంతా పాకి, లక్ష్మి ఒక ఎర్రమరకగా మిగిలింది. ఇంకొకటి తుడిచాడు. అదీ అంతే. "ఠీక్ హై. ఇవి మల్ల అతికించెటందుకు పనికిరావు" అన్నాడు అమీన్ సాబ్. నా ఊపిరి సగం వదిలింది. మిగతా సగం వదిలేలోపు కంపెనీ మనిషి గొంతు సవరించుకున్నాడు. "సరేనండీ. కాని ఈ మధ్య మేము సరుకు పంపలేదు. ఈయన ఏం అమ్మాడు? నకలు సీసాలు కొని చుక్కలుగా అమ్మితే, ఆ లేబుళ్ళు కూడా ఈ కట్టల్లోనే ఉంటాయి కదండీ."

నేను రెండు రోజులుగా లోపల దాచుకున్నది ఆయన పైకి అన్నాడు. బాపు లేచి నిలబడ్డాడు. "చూడండ్రి సాబ్. ఒక్కొక్కటి తీసి చూడండ్రి. అసలుదానికి ముక్కుపుడక చెంప మీద ఉంటది. నకలుదానికి ముక్కు మీద ఉంటది."

అమీన్ సాబ్ ఒకటి ఎత్తి కిటికీ దగ్గర పట్టాడు. ఇంకొకటి పట్టాడు. బొమ్మ రెండు వేళ్ళంత; అందులో మొహం కందిగింజంత; అవ్వ వేలు మామూలు వేలంత. పెట్టిన ప్రతి బొట్టూ నుదురు దాటి, కళ్ళు దాటి, గడ్డం దాకా వచ్చింది. "సేట్, నాకు ముక్కే కనవడ్తలేదు. పుడక ఎక్కడ చూడాలె?" అన్నాడు. జవాన్లు నవ్వారు. "మా అచ్చులో అట్లాంటి పొరపాటు ఉండదండీ" అన్నాడు కంపెనీ మనిషి. నిన్న తీసుకుపోయిన సీసాలున్నాయి కదా అని బాపు అంటే, అవి సికింద్రాబాద్ వెళ్ళిపోయాయన్నాడు. తర్వాత వాళ్ళిద్దరూ బల్ల మీదికి వంగి ఉర్దూలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు తెలిసిన ముక్కలు నాకు అందాయి. బజార్లో నకలు ఉన్నదని పదిమందికీ తెలిస్తే అసలుదాన్ని కూడా ఎవరూ కొనరు. కేసు రాస్తే అందరికీ తెలుస్తుంది. పటేల్ మనుమడు లేచి కూర్చున్నాడట. ఇంక రచ్చ ఎందుకు? చివరకు అమీన్ సాబ్ మెత్తగా చెప్పాడు. "సేట్, ఈ కాయితాలు ఇక్కడనే కాల్చెయ్యి. కాయితం లేకుంటె కేసు లేదు. ఇంటికి పో. ఆ మందు మాత్రం ఇగ నీ దుకాణంల కనవడొద్దు."

బాపు నమస్కారం పెట్టి వస్తాడనుకున్నాను. రెండు చేతులూ మూట మీద పెట్టి నిలబడ్డాడు. "కాల్చొద్దు సాబ్. నా దిక్కు సాక్ష్యం చెప్పే గవాయి ఇదొక్కటే. బొట్టు అంటని చీటి ఇందుల ఒక్కటన్న దొరుకుతది. వెతుకనియ్యండ్రి. ఇవి కాలితె నేను దొంగను కాదని చెప్పెటోడు ఎవడు?"

"వెతికేదాకా లోపలనే ఉంటవా మరి?" అన్నాడు అమీన్ సాబ్, కోపం లేకుండా. బాపు తల ఊపాడు. ఉంటానన్నట్టు. అంత ఖాయంగా ఊపినవాడు తప్పు చేసి ఉండడనిపించింది. మరుక్షణమే, దొరికితే ఏం దొరుకుతుందో అనిపించింది.

అవ్వ ముందుకు వచ్చి బాపు చేతులు మూట మీద నుంచి తీసేసింది. "గవాయి ఎందుకురా నాకు? కొడుకు గావాలె" అన్నది. మూటను తనే ఈడ్చుకుంటూ ఠాణా వెనక పెరట్లోకి తీసుకుపోయింది. జవాను అగ్గిపెట్టె ఇచ్చాడు. మోరీలో వేయకూడదు, నిప్పులో వేయకూడదు, బర్రెల చెరువులో కలపకూడదు అన్న మనిషి. మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోది వెలిగింది. పసుపుదారాలు ముందు కాలాయి, తర్వాత కట్టలు విచ్చుకుని లక్ష్ములు ఒక్కొక్కటే వంకర తిరిగి నల్లబడ్డాయి. వాము వాసన వచ్చింది. అవ్వ కళ్ళు మూసుకోలేదు. ఆఖరి కట్ట దాకా చూసి, పిడికెడు మన్ను పోసి, "నడువుండ్రి" అన్నది. పుష్కరాలు వచ్చాయి, వెళ్ళాయి. ఆమె పోలేదు.

ఇంటికి చేరగానే బాపు కాళ్ళు కూడా కడుక్కోకుండా వెనక గదిలోకి పరుగెత్తాడు. సందుక మూత ఎత్తాడు. లోపలివైపు ఉర్దూ పత్రిక అతికించి ఉన్నది, ఇంకా తడి ఆరలేదు. "మూతకు మూడు ఉండె గద, బొట్టు పెట్టనివి! ఏవి?" అని అరిచాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది. "మల్ల వస్తరేమోనని పొయిల ఏసిన. ఆ మూత చూస్తెనే భయమైతున్నదని కాయితం అతికిచ్చిన" అన్నది. బాపు మూత మీద చెయ్యి పెట్టి మెల్లగా మూసేశాడు. ఎందుకు పరుగెత్తాడు? గవాయి కోసమా, గవాయి లేకుండా చేయడానికా? పదేళ్ళ పిల్లకు రెండూ ఒకేలా కనిపించాయి. యాభై దాటినా ఒకేలా కనిపిస్తూనే ఉన్నాయి.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, ఎదురు చెప్పుకునేదాన్ని. బాపు అల్మరాలో పోకచెక్కల డబ్బాలు పెట్టాడు. పేరున్న సరుకు జోలికి మళ్ళీ పోలేదు. సాంబ్రాణి పొగ గల్లాపెట్టె దగ్గరే ఆగిపోయేది. చేవెళ్ల అంగట్లో నకలు సీసాలు ఇంకో రెండేళ్ళు అమ్ముడుపోయాయి. చేసిందెవరో మాకు చివరిదాకా తెలియలేదు. నా కాలేజీ చదువుకు బాపు ఎవరితో పోట్లాడాడో, ఎంత పోట్లాడాడో నాకు తెలుసు. "అది మాట్లాడని, దానికి నిజం తప్ప రాదు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పెట్టె గుర్తొచ్చేది. నలుగురిలో ఎవరినైనా ఏదైనా అడగగల నేను, ఆ ఒక్క ప్రశ్న ఆయన పోయేదాకా అడగలేకపోయాను. జవాబుకు భయపడి.

ఇప్పుడు తమ్ముడి దుకాణంలో పేరు లేని సరుకు కొత్తిమీర ఒక్కటే. మేము సందుక ముందు ఉండగానే ఏదో సబ్బు కంపెనీ మనిషి స్కూటరు దిగి, మా బొమ్మ పైన పెట్టాలి, నకలు కనిపిస్తే మాకు చెప్పాలి, అది మీ బాధ్యత అని తమ్ముడికి వల్లెవేస్తున్నాడు. ఊరుకోలేకపోయాను. "మీ మార్కును కాపాడమని మాకు చెప్తున్నారు సరే, రేపు మామీదికి పోలీసులొస్తే మీ మార్కు మమ్మల్ని కాపాడుతుందా?" అని అడిగాను. ఆయన నవ్వి కాగితాల మీద తమ్ముడి చేత సంతకం పెట్టించుకున్నాడు. టోపీ లేదు గాని, నవ్వు అదే.

మరదలు లోపలికి వెళ్ళాక మూతను వెలుతురు వైపు తిప్పాను. అమ్మ మూడూ పొయ్యిలో వేశానన్నది. రెండే ఊడి ఉంటాయి. చెక్కను కరుచుకున్న మూడోదాన్ని చెప్పడానికి భయపడి పత్రిక కింద దాచేసింది. బొట్టు పెట్టని లక్ష్మి. ముద్ర లేని పెట్టెలోంచి వచ్చిన లక్ష్మి, నేను నా చేత్తో నానేసి మొహం చూడకుండా ఇచ్చిన లక్ష్మి. కళ్ళజోడు తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. రంగులు వెలిశాయి గాని ఎరుపు నిలిచింది. ముక్కు మీద ఏమీ లేదు. జర పక్కగా, చెంప మీద, సూదిమొనంత ఎర్రచుక్క.

ఒక్క చీటితో పెట్టెంతా అసలుదని ఎట్లా చెప్తారు, మిగతా రెండింటి సంగతేమిటి అని ఎవరైనా వాదించవచ్చు. నా ఎదురుగా ఇంకొకరు ఈ కథ చెప్పుకుంటే ఆ ప్రశ్న నేనే అడిగేదాన్ని. ఈ ఒక్కసారికి నేను వాదించను.